వైజాగ్ ఇంటి తొట్టికి ఏ బార్బ్? చెర్రీ, రోజీ, గోల్డ్, బ్లాక్ రూబీల మధ్య ఎంపిక

అక్వేరియం దుకాణంలో బార్బ్ చేపల వరుస ముందు నిలబడ్డవారికి వచ్చే చిక్కు ఒకటే. అన్నీ చిన్నవే, అన్నీ చురుకైనవే, దేన్ని అడిగినా "శాంతంగా ఉంటుందండీ" అంటాడు దుకాణదారు. ఎర్రనిది చెర్రీ, రాగి రంగు కలిసిన గులాబీది రోజీ, పసుపు పచ్చనిది గోల్డ్, నల్ల పట్టీలది బ్లాక్ రూబీ. నాలుగూ మన చెరువుల పరిగెలకు దగ్గరి చుట్టాలు, నాలుగూ గుంపులో తప్ప బతుకు సాగించలేనివి. ఇక కంటికి నచ్చింది తెచ్చుకోవడమే కదా అనిపిస్తుంది.

విశాఖలో ఆ లెక్క కుదరదు. మే నెల మధ్యాహ్నం మీ హాల్లో తొట్టి నీరు ఎంత వేడెక్కుతుందో చూస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగతా సగం మీ కుళాయిలో వచ్చేది కార్పొరేషన్ నీరా, బోరు నీరా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రంగు సంగతి ఆ తరువాత.

## ముందు తేల్చుకోవలసినవి

వేడి. మన ఊళ్లో పగటి ఎండ కంటే రాత్రి ఉక్కపోతే తొట్టికి పెద్ద శత్రువు. సముద్రపు తేమ వల్ల రాత్రి కూడా వేడి పెద్దగా తగ్గదు కాబట్టి, ఏసీ లేని గదిలో తొట్టి నీరు ఏప్రిల్ చివరి నుంచి వానలు పడేదాకా 30 డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి ఇమడదు. అదే వేడికి చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి, ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలంటుంది. అందుకే మేలో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటాయి.

నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే చల్లబడుతుందని చాలామంది చెబుతారు. నిజమే, కానీ ఆవిరి వల్ల వచ్చే చల్లదనం పొడిగాలిలో బాగా పనిచేస్తుంది. బీచ్ రోడ్డు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే సంతోషించాలి.

నీరు. కార్పొరేషన్ సరఫరాకు రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి వంటి జలాశయాలు, ఏలేరు కాలువ ఆధారం. ఇవి ఉపరితల జలాలు కాబట్టి బోరు నీటి కంటే వీటిలో సాధారణంగా సున్నం తక్కువ. క్లోరిన్ మాత్రం ఉంటుంది. బకెట్లలో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచాలి, లేదా దుకాణాల్లో దొరికే హైపో అనే క్లోరిన్ విరిచే మందు కలపాలి. బోరు నీటిలో క్లోరిన్ బెడద లేదు గాని కాఠిన్యం, అంటే సున్నం వంటి లవణాల పాలు, ఎక్కువ. తీరానికి దగ్గరగా ఉన్న చోట ఉప్పు కూడా తగలవచ్చు. పరీక్ష పట్టీలు కొనకముందే మీ వంటింట్లో ఒక జవాబు దొరుకుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా పేరుకుంటోందా? అయితే మీ నీరు కఠినమైనదే.

అసలు చిక్కు ఇక్కడే. వేడిని బాగా ఓర్చుకునే బార్బులు సున్నం తక్కువ ఉన్న మెత్తని నీటి నుంచి వచ్చినవి. కఠినమైన నీటిని పట్టించుకోని బార్బులు చల్లదనం కోరేవి. రెండూ ఒకే చేపలో పూర్తిగా దొరకవు కాబట్టి మీ ఇంటికి ఏ ఇబ్బంది పెద్దదో చూసుకుని రాజీపడాలి.

తొట్టి పొడవు. బార్బులు నిలకడగా ఉండే చేపలు కావు, అడ్డంగా ఈదుతూ ఉంటాయి. అందుకే వీటికి ఎత్తు కంటే పొడవు ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో కంకర వేశాక 50 లీటర్ల లోపే నీరు పడుతుంది. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల చొప్పున వెడల్పూ ఎత్తూ ఉన్నదైతే నిండా 130 లీటర్లు. గాజు, కంకర, స్టాండు కలిపితే ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు. అద్దె ఇంట్లో ఉండి ఏడాదికోసారి మారేవారు ఈ బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గుంపు. ఏ రకమైనా ఆరుకు తగ్గకూడదు, ఎనిమిది ఉంటే ఇంకా మంచిది. "రెండు అవీ, రెండు ఇవీ" అని కలగలుపుగా తెచ్చుకోవడం మన ఊళ్లో బాగా కనిపించే అలవాటు. శాంతమైన బార్బులు చిరాకుపడి ఇతర చేపల తోకలు కొరికే సందర్భాల్లో చాలావాటికి ఈ ఒంటరితనమే కారణం.

## చెర్రీ బార్బ్

శ్రీలంక నైరుతి భాగంలోని నీడ ఉన్న అడవి వాగుల చేప ఇది. 1929లో దెరణియగల దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పూర్తిగా ఎదిగినా 5 సెంటీమీటర్లు దాటదు. 23 నుంచి 27 డిగ్రీలు దీనికి హాయి. గాలి బాగా ఆడే తొట్టిలో 29, 30 డిగ్రీలను కూడా కొన్ని వారాలపాటు ఓర్చుకుంటుంది. నాలుగింటిలోనూ మన ఎండాకాలానికి సరిపడేది ఇదే.

దుకాణంలో మాత్రం ఇది తన అందమంతా దాచుకుని ఉంటుంది. తెల్ల కంకర, పైన ప్రకాశవంతమైన లైటు, ఒక్క మొక్క కూడా లేని తొట్టి. ఆ బెదురులో మగచేప కూడా వెలిసిపోయిన ఇటుక రంగులోనే కనిపిస్తుంది. అదే చేపను ముదురు రంగు కంకర, జావా ఫెర్న్, అనుబియాస్, కొంచెం జావా మాస్ ఉన్న తొట్టిలో వదిలి రెండు మూడు వారాలు ఆగండి. రంగు ముందు తోక మొదట్లో చిక్కబడి, తరువాత పొట్ట వైపు పాకుతుంది. ఉదయం లైటు వేసిన కాసేపటికి మగచేపలు రెండు పక్కపక్కన చేరి రెక్కలన్నీ విప్పుకుని, ఒకదాని చుట్టూ ఒకటి చిన్న వలయంలో తిరుగుతాయి. కొట్టుకుంటున్నాయని కంగారు పడనక్కరలేదు, దెబ్బలు తగలవు. అది బలప్రదర్శన మాత్రమే. ఆడచేపలు గోధుమ రంగులో, పక్కన నల్లటి గీతతో ఉంటాయి. చూడ్డానికి సాదాగా ఉన్నాయని వదిలేసి అన్నీ మగవే తెచ్చుకుంటే ఆ రంగూ రాదు, ఆ విన్యాసమూ ఉండదు. ఒక మగకు రెండు ఆడ అన్న లెక్క మంచిది.

స్వభావంలో ఇది నిజంగానే సాధువు. గప్పీల పొడవాటి తోకలను ముట్టుకోదు, ఎదిగిన రొయ్యలను సాధారణంగా పట్టించుకోదు. దీని లోపం పిరికితనం. ఆకుల చాటు లేకపోతే రోజంతా ఒక మూలన నక్కి ఉంటుంది. మొక్కలు పెంచే ఓపిక లేనివారికి చెర్రీ బార్బ్ సగం చేపే. బోరు నీటిలో బతకదా అంటే బతుకుతుంది. దుకాణాలకు వచ్చేవి ఎక్కువగా పెంపక కేంద్రాల్లో పుట్టినవే కాబట్టి, మరీ కఠినం కాని నీటికి నిదానంగా అలవాటుపడతాయి. గిన్నె అడుగున పెచ్చులు కట్టేంత నీరైతే ఆర్‌ఓ నీటిని సగం కలపండి. ఆర్‌ఓ యంత్రం పక్క గొట్టం నుంచి పారబోసే నీరు మాత్రం వద్దు, లవణాలన్నీ చేరేది అందులోనే. అలాగని మొత్తం ఆర్‌ఓ నీరే పోయడమూ మంచిది కాదు, చేపకు కొన్ని ఖనిజాలు కావాలి.

## రోజీ బార్బ్

ఇది మన దేశపు చేపే. గంగా పరీవాహక ప్రాంతపు వాగులు, చెరువులు దీని పుట్టిల్లు. 1822లోనే హామిల్టన్ వర్ణించారు. మన దేశపు చేప కాబట్టి మన ఎండకు తట్టుకుంటుందని దుకాణంలో చెప్పే మాటను నమ్మకండి. ఉత్తరాది శీతాకాలపు చలికి అలవాటుపడిన జాతి ఇది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య దీన్ని చూడాలి, తొట్టి అంతా మెరుపే. 30 డిగ్రీల్లో వెంటనే చావదు గాని ఆయుష్షు తరుగుతుంది, జబ్బులు సులువుగా పట్టుకుంటాయి.

అరకులోనో పాడేరులోనో ఉన్నవారు అడిగితే కళ్లు మూసుకుని రోజీయే అంటాను. విశాఖ నగరంలో అయితే కింది అంతస్తు, ఎండ సోకని గోడ, లేదా రోజూ రాత్రి ఏసీ నడిచే గది ఉన్నవారికే చెబుతాను. పైకప్పు ఎండకు కాలే చివరి అంతస్తు ఫ్లాటుకు ఇది తగదు.

మరో సంగతి, ఇది పెరుగుతుంది. దుకాణంలో బొటనవేలి అంత ఉన్నది తొట్టిలో 7, 8 సెంటీమీటర్లు అవుతుంది, వాగుల్లో ఇంకా పెద్దవి దొరికాయి. ఆరు చేపలకు మూడడుగుల తొట్టి కావలసిందే. ఆకలి ఎక్కువ, లేత ఆకులున్న మొక్కలను కొరికి పాడుచేస్తుంది. ఆ గుణంలోనే ఒక లాభమూ ఉంది, దారాల్లా పట్టే ఆకుపచ్చ నాచును కూడా ఇష్టంగా తింటుంది. ఉడికించిన బఠాణీ పైతొక్క తీసి నలిపి వేస్తే, వేడినీటిలో ముంచి తీసిన పాలకూర ఆకు కట్టి వేలాడదీస్తే మొక్కల జోలికి వెళ్లడం కొంత తగ్గుతుంది. పొడవాటి రెక్కలున్న రకం కూడా వస్తుంది. గోల్డ్‌ఫిష్‌తో కలిపి పెంచుతామనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. రోజీ చాలా వేగంగా ఈదుతుంది, విసనకర్ర తోకలున్న గోల్డ్‌ఫిష్ దాని ముందు తిండికి అందుకోలేదు, తోకను కాపాడుకోనూ లేదు.

## గోల్డ్ బార్బ్

దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతాల చేప. అక్కడి వాగుల్లో పచ్చని ఛాయతో ఉంటుంది. మనం చూసే పసుపు రకం అక్వేరియాల్లో ఏరి పెంచగా వచ్చింది. 6, 7 సెంటీమీటర్ల వరకు ఎదుగుతుంది. 18 నుంచి 24, 25 డిగ్రీలు దీనికి నచ్చే వేడి కాబట్టి ఎండాకాలంలో ఇదీ రోజీ తోవలోనిదే, కాకపోతే కాస్త మొండిది. కఠినమైన నీటిని ఖాతరు చేయదు. బోరు మీదే ఆధారపడ్డ ఇళ్లకు ఇది ముందు వరుసలో నిలుస్తుంది.

పిల్లలున్న ఇంటికి నా ఓటు దీనికే. చెర్రీలా దాక్కోదు, గాజు దగ్గరకు వచ్చి తిండి అడుగుతుంది, లైటు లేకపోయినా పసుపు రంగు గదిలో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. కానీ ఆ చనువే దీనికి చేటు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో చిటికెడు వేస్తే సాయంత్రానికి నీరు మసకబారుతుంది. రోజుకు రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయాలని ఇంట్లో ఒకరికే ఆ పని అప్పగించండి.

కఠినమైన నీరు, వేడి, ఎక్కువ తిండి మూడూ కలిస్తే ఏమవుతుందో ఇక్కడే చెప్పాలి. తిండి కుళ్లినా, చేపలు విసర్జించినా నీటిలో అమ్మోనియా చేరుతుంది. బోరు నీటిలో తరచూ కనిపించే క్షారగుణం పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ ఆ అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఎక్కువవుతుంది. అందుకే అంతే మురికి జనవరిలో ఏమీ చేయదు, మేలో చేపలను చంపుతుంది. గోల్డ్ బార్బ్ మొండిదని ధీమాగా ఉండేవారి తొట్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది.

## బ్లాక్ రూబీ

ఇదీ శ్రీలంక చేపే, చెర్రీలాగే నీడ వాగులది. 22 నుంచి 26 డిగ్రీలు, మెత్తని నీరు దీనికి తగినవి. 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిన్నప్పుడు బూడిద కలిసిన పసుపు ఒంటి మీద నల్ల పట్టీలతో ఉంటుంది, దుకాణంలో టైగర్ బార్బ్ పక్కనే ఉంటే చాలామంది పొరబడతారు. ఎదిగిన మగచేప ఆడచేపను మెప్పించే వేళ తల చుట్టూ ఎర్రటి కుంకుమ ఛాయ, వెనక సగం బొగ్గు నలుపు వస్తాయి. ఆ రంగు ముందు మిగతా మూడూ వెలవెలబోతాయని ఒప్పుకోవాలి. కానీ ఆ రంగు రోజంతా ఉండదు. కావలసినంత నీడ, ఆకులు, ఆడచేపలు లేకపోతే అసలే రాదు. పని ఎక్కువ, ఫలితానికి ఓపిక పట్టాలి. మొదటిసారి తొట్టి పెట్టేవారికి నేను చెప్పను.

## ఈ వరుసలో లేనివి

టైగర్ బార్బ్ చలాకీగా ఉంటుంది గాని శాంతమైనది కాదు. పెద్ద గుంపులో వాటిలో అవే తగవులాడుకుంటాయి, చిన్న గుంపులో పక్క చేపల తోకల మీద పడతాయి. ఎర్రటి గీతతో మెరిసే డెనిసన్ బార్బ్, అంటే మిస్ కేరళ, పశ్చిమ కనుమల వాగుల్లో మాత్రమే ఉండి అంతరించే ముప్పులో ఉన్న చేప. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఎవరు ఎంతకు ఇస్తామన్నా తీసుకోకండి.

## నాలుగూ పక్కపక్కన

| చూసే అంశం | చెర్రీ | రోజీ | గోల్డ్ | బ్లాక్ రూబీ |
|---|---|---|---|---|
| ఎదిగే పొడవు (సెం.మీ.) | 5 లోపు | 7–10 | 6–7 | 6 వరకు |
| హాయైన వేడి (డిగ్రీలు) | 23–27 | 18–24 | 18–25 | 22–26 |
| మన మే నెల | ఓర్చుకుంటుంది | కష్టం | కొంత కష్టం | జాగ్రత్త అవసరం |
| బోరు నీరు | నిదానంగా అలవాటు చేయాలి | పరవాలేదు | బాగా పరవాలేదు | అంతగా నప్పదు |
| కనీసం తొట్టి పొడవు | 2 అడుగులు | 3 అడుగులు | రెండున్నర, 3 | రెండున్నర, 3 |
| మొక్కలు | తప్పనిసరి | కొరుకుతుంది | లేత ఆకులు కొరుకుతుంది | తప్పనిసరి |
| ఇతర చేపలతో | చాలా సాధువు | అప్పుడప్పుడు తోకలు కొరుకుతుంది | గుంపులో ఉంటే సాధువు | సాధువు |

## మీ ఇల్లు ఎలాంటిది?

ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో కార్పొరేషన్ నీరు వచ్చే ఫ్లాటు, రెండడుగుల తొట్టికి మించి చోటు లేదు. ఇలాంటి ఇళ్లే ఎక్కువ. చెర్రీ తప్ప మరో ఆలోచన వద్దు. రెండు మగ, నాలుగు ఆడ, అడుగున తిరిగే కోరిడోరస్ చేపలు నాలుగు ఉంటే తొట్టి నిండినట్టే.

శివారులో సొంత ఇల్లు, బోరు నీరు, కింది అంతస్తులో నీడగా ఉండే గది ఉన్నవారు మూడడుగుల తొట్టిలో గోల్డ్ బార్బులు ఎనిమిది పెట్టుకోవచ్చు. చల్లదనం మీద నమ్మకం ఉంటే రోజీ కూడా.

బోరు నీరూ ఉంది, పై అంతస్తు వేడీ ఉంది అంటే రెండు ఇబ్బందులూ ఒకేసారి మీద పడ్డట్టే. అలాంటివారికి నా సలహా చెర్రీయే, కాకపోతే ఆర్‌ఓ నీరు కలపాలి. కాఠిన్యాన్ని బకెట్‌తో సరిచేసుకోవచ్చు, పైకప్పు వేడిని సరిచేయడం అంత తేలిక కాదు.

హీటరు కొనమని దుకాణంలో చెబుతారు. చెర్రీకి, బ్లాక్ రూబీకి కూడా మన జనవరి రాత్రుల్లో మూసి ఉన్న గదిలో దాని అవసరం దాదాపుగా రాదు. ఆ డబ్బుతో బ్యాటరీ మీద నడిచే గాలి పంపు కొనండి. తుపాను ఊరిది మనది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి గండం మళ్లీ రాకపోయినా, మే నెలలో రెండు మూడు గంటలు కరెంటు పోతే నిండుగా చేపలున్న తొట్టి తట్టుకోలేదు. కరెంటు లేనంతసేపూ తిండి వేయకండి. ఎదిగిన చేప రెండు మూడు రోజులు పస్తున్నా ఏమీ కాదు.

నీరు మార్చే వేళ కూడా ఇక్కడ ముఖ్యమే. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు చేతికి చురుక్కుమంటుంది. ముందు రోజు ఉదయమే బకెట్లలో పట్టుకుని, మర్నాడు తెల్లవారాక వారానికోసారి పావు వంతు మార్చండి. బీచ్ నుంచి ఇసుక, గవ్వలు తెచ్చి తొట్టిలో వేయాలని పిల్లలు అడుగుతారు. ఇసుకలో ఉప్పు ఉంటుంది, గవ్వలు కరుగుతూ నీటిలో సున్నం పెంచుతాయి. చెర్రీకీ బ్లాక్ రూబీకీ అది పడదు.

## కొనే రోజు

కొత్త తొట్టిలో నీరు పోసిన రోజే చేపలు వదలవద్దు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవారి పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఈ సమయం బాగా తగ్గుతుంది.

దుకాణంలో ఒక చేపను కాదు, మొత్తం తొట్టిని చూడండి. ఒక్కదాని మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల మచ్చలున్నా ఆ తొట్టి నుంచి ఏదీ తీసుకోకండి. రెక్కలు ఒంటికి అతుక్కుని ఉండడం, పొట్ట లోపలికి పోయి ఉండడం, ఒంటరిగా మూలన తూలడం కూడా చెడ్డ గుర్తులే. తిండి వేసి చూపమని అడగండి, మొహమాటం వద్దు. ఆరోగ్యంగా ఉన్న బార్బ్ తిండికి పరుగెత్తుతుంది. మేతగా బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు అంటగడితే వద్దనండి, మురుగు నీటి నుంచి వచ్చే వాటితో జబ్బులు కూడా వస్తాయి.

ఉదయమో సాయంత్రమో వెళ్లండి. ద్వారకానగర్ నుంచి మధురవాడ దాకా మధ్యాహ్నపు ఎండలో స్కూటరు హ్యాండిల్‌కు వేలాడిన సంచి ఇంటికి చేరేలోపే వేడెక్కిపోతుంది. సంచిని మూతితో సహా తొట్టిలో పావుగంట తేలనిచ్చి, తరువాత విప్పి, తొట్టి నీటిని కొంచెం కొంచెంగా అరగంటసేపు కలపండి. కఠినమైన నీటి ఇంట్లో చెర్రీకి ఈ సమయం రెట్టింపు ఇవ్వండి. చివరికి చేపలను వలతో ఎత్తి వదలాలి. దుకాణం నీటిని మాత్రం తొట్టిలో పోయవద్దు, పూలకుండీల్లో పోయండి.